పొదుగుకు వచ్చిన పెట్ట

2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరింది. 2022 నుంచి వ్యాపిస్తున్న బర్డ్‌ఫ్లూ వల్ల గుడ్ల ఫారాలలో కోట్ల కోళ్ళు పోవడం ఇందుకు ముఖ్య కారణం. పెరట్లో నాలుగు పెట్టలను పెంచుకోవాలన్న ఆలోచన చాలా కుటుంబాలకు ఆ కాలంలోనే కలిగింది. అలా పెంచుకొన్నవారికి వసంతం వచ్చాక ఒక చిక్కు ఎదురవుతుంది. నిన్నటిదాకా గుడ్లు పెట్టిన పెట్ట గూటిలోంచి కదలదు. దగ్గరకు వెళితే ఈకలు విదిల్చి, గుర్రుమని, చేతిని పొడుస్తుంది. గుడ్లు తీసేసినా ఖాళీ గడ్డి మీదే కూర్చుంటుంది. జబ్బు చేసిందని యజమాని కంగారుపడతాడు. అది జబ్బు కాదు, పెట్ట పొదుగుకు వచ్చింది.

దీనికి మూలం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను. 1930ల తొలి సంవత్సరాలలో పావురాల మీద పరిశోధన చేస్తూ ఆస్కార్ రిడిల్, ఆయన సహచరులు దీన్ని గుర్తించి పేరు పెట్టారు. పగటి వెలుగు పెరగడం, గూటిలో గుడ్లు పోగుపడడం, వాటి స్పర్శ పొట్ట చర్మానికి తగలడం ఈ హార్మోనును పెంచుతాయి. అది పెరిగేకొద్దీ అండాశయం కుంచించుకుపోయి గుడ్లు ఆగిపోతాయి. పొట్ట మీది ఈకలు రాలి, వేడి చర్మం నేరుగా గుడ్లను తాకుతుంది. గూడు హార్మోనును నిలుపుతుంది, హార్మోను పెట్టను గూటిలో నిలుపుతుంది. ఈ చక్రం అర్థమైతే, దాన్ని ఎక్కడ తెంచాలో కూడా అర్థమవుతుంది.

గుడ్ల వ్యాపారానికి ఈ స్వభావం నష్టం. పొదిగే పెట్ట గుడ్డు పెట్టదు కదా! కాలిఫోర్నియాలోని పెటలూమాలో 1879లో లైమన్ బైస్, ఐజాక్ డయస్ రూపొందించిన ఇన్‌క్యుబేటర్ వంటి యంత్రాలు తల్లికోడి పనిని తాము చేపట్టాయి. ఆ తరువాత తల్లితనం అక్కరలేని పెట్టలను ఎంపిక చేయడం మొదలైంది. మాసచూసెట్స్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గుడేల్, ఆయన సహచరులు రోడ్ ఐలండ్ రెడ్ జాతిలో పొదిగే గుణం వంశపారంపర్యంగా ఎలా వస్తుందో పరిశీలించి 1920లో ప్రచురించారు. ఇటలీ నుంచి వచ్చిన తెల్ల లెగ్‌హార్న్ నేడు దాదాపు పొదగనే పొదగదు. ఏడాదికి మూడు వందల గుడ్ల వెనుక ఉన్నది ఇదే.

పెరటి యజమానులు తరచు ఎంచుకొనేవి మాత్రం వేరే జాతులు. బఫ్ ఆర్పింగ్టన్, కొచిన్, సిల్కీ వంటి సాధు జాతులలో ఈ గుణం ఇంకా బలంగా ఉంది. పైగా చాలా నగరాలు పుంజును పెంచుకోనివ్వవు. పుంజు లేనిచోట గుడ్లకు ఫలదీకరణ ఉండదు. పెట్టకు ఆ సంగతి తెలియదు. ఇరవై ఒక్క రోజులు గడిచినా పిల్లలు రావు, అయినా అది లేవదు. రోజుకు ఒకటి రెండుసార్లు లేచి కాస్త తిని, మళ్ళీ కూర్చుంటుంది. బరువు తగ్గుతుంది. ఒంటికి స్నానపు దుమ్ము కూడా సరిగా దక్కక పేలు, గోమార్లు పట్టే ప్రమాదం పెరుగుతుంది. ‘దాని దారిన దాన్ని వదిలేద్దాం’ అనే దయ ఇక్కడ దయ కాదు.

మిగిలిన మార్గాలు రెండు. ఒకటి, దాని కోరిక తీర్చడం. ఫలదీకరణ చెందిన గుడ్లను తెచ్చి, పెన్సిలుతో గుర్తు పెట్టి, అన్నీ ఒకే రోజు కింద పెట్టాలి. గుర్తు లేనివి ఇతర పెట్టలు పెట్టినవి కాబట్టి రోజూ తీసేయాలి. ఈ పద్ధతిలో పుట్టే పిల్లల్లో దాదాపు సగం పుంజులే అవుతాయి. వాటినేం చేయాలో ముందే తేల్చుకోవాలి. పుంజులకు అనుమతి లేనిచోట, పెట్టలని వేరుచేసి అమ్మే ఒక రోజు పిల్లలను తెప్పించడం మేలు. అమెరికా తపాలాశాఖ 1918 నుంచి కోడిపిల్లలను చేరవేస్తోంది. కొన్నాళ్ళుగా పొదుగు మీదున్న పెట్ట కింద రాత్రి చీకట్లో వాటిని చేరిస్తే, తెల్లారేసరికి తనవిగా స్వీకరించే అవకాశం ఎక్కువ. ఉదయం పొడుస్తుందేమో గమనించి, పొడిస్తే వెంటనే వేరుచేయాలి.

రెండవది, పొదుగు మాన్పించడం. అడుగున తీగల వల ఉన్న పంజరంలో, నేలకు కాస్త ఎత్తుగా, గడ్డి లేకుండా, నీడలో, మేత నీళ్ళతో పెట్టను ఉంచాలి. పొట్ట కింద గాలి ఆడుతుంది, గుడ్ల స్పర్శ ఉండదు, ప్రొలాక్టిన్ పడిపోతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులు సరిపోతాయి. వదిలాక నేరుగా గూటికి పరుగెత్తితే మరికొన్ని రోజులు ఉంచాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత త్వరగా మానుతుంది. మళ్ళీ గుడ్లు పెట్టడానికి మాత్రం కొన్ని వారాలు పట్టవచ్చు.

తెలుగు పల్లెల్లో ఈ నిర్ణయం ఇంటి పెద్దావిడది. నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు రాగానే, పిల్లలు కావాలంటే గంపలో గడ్డి పరిచి గుడ్లు పెట్టేది. వద్దనుకుంటే నీళ్ళలో ముంచడమో, ముక్కులో ఈక గుచ్చడమో చేసేవారు. ఆ మొరటు పద్ధతులు ఇప్పుడు అక్కరలేదు, పంజరమే ఆ పని చేస్తుంది. కానీ ఆమె చూపిన తెగువ మాత్రం కావాలి. పెట్టను పిల్లలతో లేపాలి, లేదా వెంటనే లేపాలి. ఖాళీ గూటి మీద వారాల తరబడి కూర్చోనివ్వకూడదు.