ఇంట మిగిలిన మందు ఎచటికి పోవలెను?

దాదాపు ప్రతి ఇంటను ఒక మందుల డబ్బా ఉండును. జ్వరమునకు తెచ్చి రెండు మాత్రలు మిగిల్చిన పట్టీ, సగము త్రాగిన దగ్గుమందు సీసా, పేరు చెరిగిపోయిన పూతమందు గొట్టము, కాలము చేసిన పెద్దవారు వాడిన గుండెజబ్బు మాత్రలు అందులో చేరియుండును. వానిని పారవేయుటకు మనసు ఒప్పదు. వాడుటకు ధైర్యము చాలదు. ఏ పండుగకో ఇల్లు దులుపునపుడు అన్నియు ఒక్కసారిగా చెత్తకుండీలోనికో, మురుగుకాలువలోనికో పోవును. పీడ వదలినదని ఇంటివారు తలతురు. వదలినది ఇంటికి మాత్రమే. మందు తన గుణముతో సహా వేరొక చోటికి చేరినది.

మందులు మిగులుటకు కారణములు అనేకము. రోగము నెమ్మదించగనే కొందరు మందు మానివేయుదురు. ఒక మందు పడకపోయిన వైద్యుడు వేరొకటి వ్రాయును. ఆరు మాత్రలు చాలునన్నను పది మాత్రల పట్టీ నిండుగా కొనుట వాడుక. కావున కొంత మిగులు తప్పదు. ఆ మిగులును ఏమి చేయవలెనన్నదే ప్రశ్న.

గడువు దాటిన మందు

పట్టీపై అచ్చువేసిన గడువునకు అర్థము ఇది: చెప్పిన రీతిగా భద్రపరచినచో ఆ తేదీవరకు మందు పూర్తి బలముతో ఉండునని తయారించినవారు ఇచ్చు హామీ. ఆ రాత్రి గడచినంతనే మందు విషముగా మారదు. కాని హామీ మాత్రము తీరిపోవును. గుండెనొప్పికి నాలుక క్రింద ఉంచుకొను నైట్రోగ్లిజరిన్ మాత్రలు గాలి తగిలిన త్వరగా బలము కోల్పోవును. ఆపద సమయమున అట్టి మాత్రను నమ్ముకొనుట ప్రమాదము. వేడిమికి ఇన్సులిన్ కూడ ఇట్లే చెడును. కొన్ని మందులు చెడి హాని చేసిన ఉదాహరణలును కలవు. పాడైన టెట్రాసైక్లిన్ తిన్న రోగులకు మూత్రపిండముల వ్యాధి కలిగినట్లు 1963లో అమెరికా వైద్యులు ప్రకటించిరి.

గడువు దాటని మందు కూడ సొరుగులో ఉన్నంతకాలము నిరపాయము కాదు. రంగురంగుల మాత్రలు పసిబిడ్డలకు మిఠాయివలె కనిపించును. ఒకరికి వ్రాసిన మందును లక్షణములు ఒకటే గదాయని ఇరుగుపొరుగువారికి ఇచ్చుటయు మంచిది కాదు. వారి వయస్సు, బరువు, ఇతర వ్యాధులు, వాడుచున్న ఇతర మందులు వేరు.

నీటిలో కలిసిన మందు

మందు మాత్ర సామాన్యమైన చెత్త వంటిది కాదు. కడుపులోని ఆమ్లమునకు తట్టుకొని, రక్తములో చేరి, స్వల్ప పరిమాణములోనే జీవకణములపై పనిచేయునట్లు దానిని రూపొందించినారు. శరీరములో మేలు చేయు ఈ గుణములే బయట కీడునకు కారణమగును. మురుగునీటి శుద్ధి కేంద్రములు మలినములను సూక్ష్మజీవులచే తినిపించి తొలగించుటకు కట్టినవి. అనేక ఔషధములు ఆ సూక్ష్మజీవులకు లొంగక నీటితోబాటు నదులకు చేరును.

అంత కొద్ది మందు ఏమి చేయగలదన్న సందేహమునకు కెనడా దేశములో జరిగిన ఒక ప్రయోగము సమాధానము చెప్పినది. ఆంటారియో రాష్ట్రములో పరిశోధనకై కేటాయించిన ఒక సరస్సులో 2001 మొదలు 2003 వరకు మూడు వేసవులు ఎథినైల్ ఎస్ట్రడయోల్ అను పదార్థమును కలిపిరి. ఇది గర్భనిరోధక మాత్రలలో ఉండు కృత్రిమ హార్మోను. లీటరు నీటికి కలిసినది 5 లేక 6 నానోగ్రాములు మాత్రమే. నానోగ్రాము అనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. అంత స్వల్పమునకే ఒక జాతి చిన్న మగచేపలలో ఆడ లక్షణములు పొడసూపినవి. సంతానము తగ్గి ఆ జాతి సరస్సులో దాదాపు అంతరించినది. ఈ ఫలితములు 2007లో వెలువడినవి. మందు కలుపుట మానిన కొన్ని ఏండ్లకు చేపలు మరల వృద్ధిచెందినవి. అనగా నీటిలోనికి మందును రానీయకుండుటవలన ప్రయోజనము కలదని కూడ ఆ సరస్సే నిరూపించినది.

తెలుగునాట హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువు మరియొక పాఠము. అక్కడ సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెడలు నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను ఆంటిబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. ఆ మందు తిన్న రోగి రక్తములో సైతము అంత ఉండదు. ఇది కర్మాగారముల వ్యర్థమే కాని ఇండ్లనుండి వచ్చినది కాదు. అయినను సూత్రము ఒకటే. ఆంటిబయాటిక్ కలిసిన నీటిలో బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, మందునకు లొంగని రకములు మిగిలి పెరుగును. అవి తమ నిరోధశక్తిని ఇతర జాతుల సూక్ష్మజీవులకును అందజేయగలవు. తుదకు ఆ మందు అవసరమైన రోగికి అది పనిచేయకపోవచ్చును.

నదులలోని మందులో పెద్ద భాగము రోగుల మలమూత్రములద్వారా చేరునదే. దానిని ఆపుట కష్టము. కాని వాడని మందు నీటిలో కలియుటకు ఏ అవసరమును లేదు. సులభముగా ఆపదగిన భాగము ఇది.

మంటలో వేసిన చాలదా?

పెరటిలో తగులబెట్టుట మేలని కొందరి ఊహ. పెరటి మంట వేడిమి తక్కువ. గాలి సరిగా అందదు. మందు సగము కాలి పొగగా లేచును. పట్టీలలోని ప్లాస్టిక్కులో క్లోరిన్ ఉన్నచో డయాక్సిన్ల వంటి విషములు పుట్టును. మందును నిజముగా నశింపజేయవలెనన్న దాని అణువులను పూర్తిగా విడగొట్టవలెను. తగినంత వేడిమి, ప్రాణవాయువు, వ్యవధి లభించిన అందలి కర్బనము బొగ్గుపులుసు గాలిగాను, ఉదజని నీటి ఆవిరిగాను మారును. మిగిలిన ఆమ్లవాయువులను కడిగి తొలగించవచ్చును. ఇందుకై భారతదేశములో 2016లో వెలువడిన జీవవైద్య వ్యర్థముల నియమములు దహనయంత్రమునకు రెండు గదులను నిర్దేశించినవి. రెండవ గదిలో వేడిమి 1050 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున ఉండి, వాయువు కనీసము రెండు సెకండ్లు నిలువవలెను. క్యాన్సరు మందులకు 1200 డిగ్రీలు దాటిన వేడిమి కావలెను. ఇట్టి కొలిమి ఏ ఇంటను ఉండదు. కావున మందును అక్కడికి చేర్చు మార్గము కావలెను.

వచ్చిన దారిన తిరుగుట

ఆ మార్గమునకు ద్వారము మందుల దుకాణమే. అది ప్రతి పేటలోను ఉన్నది. మందుల తెలిసినవారు అందులో ఉందురు. అమ్ముడుపోక గడువు దాటిన సరుకును పంపిణీదారునికి త్రిప్పిపంపు అలవాటు దానికి ముందే కలదు. ఇంటి మిగులును కూడ ఆ బాటలో చేర్చుటయే ఈ పద్ధతి సారాంశము.

స్వీడన్ దేశములో 1970 దశకము మొదలు మందుల దుకాణములు ఈ పని చేయుచున్నవి. మాత్రల అట్టపెట్టెలను ఇంటివద్దనే తీసివేసి, పట్టీలను పారదర్శకమైన సంచిలో ఉంచి తెచ్చి ఇత్తురు. ఫ్రాన్సులో 1993లో సిక్లామెడ్ అను సంస్థ వెలసినది. మొదట అచట తిరిగివచ్చినవానిలో మంచివానిని ఏరి బీదదేశములకు పంపెడివారు. ఎవరి ఇంట ఏ వేడిలో, ఏ తడిలో ఉన్నదో తెలియని మందును మరియొక రోగికి ఇచ్చుట క్షేమము కాదని 2008తో ఆ పద్ధతిని ముగించిరి. నేడు అంతయు దహనమునకే పోవును; ఆ వేడిని శక్తిగా వాడుకొందురు. ఐరోపా సమాఖ్య 2004లోని ఆదేశముద్వారా సభ్యదేశములన్నియు ఇట్టి సేకరణ ఏర్పాటు చేయవలెనని విధించినది.

మన దేశములో కేరళ ముందడుగు వేసినది. ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ 2025 ఫిబ్రవరిలో కోళిక్కోడులో ‘ఎన్‌ప్రౌడ్’ పథకమును ఆరంభించినది. ప్రజలు మందులను సేకరణ పెట్టెలలో వేయుదురు. వానిని ఎర్ణాకుళము జిల్లాలోని దహనకేంద్రమునకు పంపుదురు. అదే సంవత్సరము కేంద్ర ఔషధ ప్రమాణ నియంత్రణ సంస్థ ఒక మార్గదర్శిని వెలువరించి, ఇట్టి సేకరణను రాష్ట్ర శాఖలు, మందుల వర్తకుల సంఘములు కలిసి నడుపవలెనని సూచించినది.

అందులో ఒక మినహాయింపు కలదు. ఫెంటనిల్, మార్ఫిన్, ట్రమడాల్, డయాజిపామ్ మొదలైన 17 మందులను, త్రిప్పియిచ్చు వీలు లేనపుడు, మరుగుదొడ్డిలో వేసి నీరు వదలుమని చెప్పినది. నీటికి హాని లేదని దీని భావము కాదు. వీనిని పొరపాటున ఒక్కసారి మ్రింగినను ప్రాణము పోవచ్చును. బిడ్డ చేతికి చిక్కుటకంటె ఇది తక్కువ కీడు.

ఇంటివారు చేయదగినది

పట్టీలను విప్పక, సీసాల మూతలు బిగించి, ఒక సంచిలో ఉంచవలెను. రోగి పేరున్న చీటీని చింపివేయవలెను. మందు పేరును మాత్రము ఉంచవలెను. సూదులను గుచ్చుకొనని గట్టి డబ్బాలో వేరుగా పెట్టవలెను. ఆస్తమాకు పీల్చుకొను మందు డబ్బీలను గ్రుచ్చరాదు, మంటలో వేయరాదు, అవి ప్రేలును. దుకాణమువారు తీసుకొందురా అని ముందుగా విచారించి, దహనమునకే ఇచ్చుచున్నామని స్పష్టముగా చెప్పవలెను. ఇంట నెలలు నిలిచిన పట్టీ తిరిగి అమ్మకపు బల్లపైకి చేరరాదు.

ఇట్టి ఏర్పాటు లేని ఊళ్లలో పురపాలక సిబ్బంది ప్రమాదకరమైన ఇంటి వ్యర్థములను వేరుగా తీసుకొందురేమో కనుగొనవలెను. అదియు లేనిచో, పై 17 మందులు కాక మిగిలినవానిని పట్టీనుండి తీసి, వాడిన టీపొడితోనో మన్నుతోనో కలిపి, మూసిన సంచిలో చెత్తకు వేయుట కొంత నయము. అట్లు చేసిన ఎవరును ఏరి తినరు. కాని మందు నశింపదు. అది చెత్తదిబ్బలోనే ఉండును. కావున ఇది తాత్కాలికమైన ఉపాయమే.

అన్నింటికంటె మేలైనది మిగులు లేకుండ చూచుకొనుట. వైద్యుడు వ్రాసినన్ని మాత్రలే లెక్కించి కొనుట, చెప్పినన్ని రోజులు వాడుట, కొత్త మందు వ్రాయించుకొనునపుడు ఇంటనున్నవానిని వైద్యునికి చూపుట ఎవరికైనను సాధ్యము. అప్పుడు దుకాణమునకు త్రిప్పియిచ్చు సంచి చిన్నదగును. మందుల డబ్బాలో అవసరమైనవి మాత్రమే ఉండును.