పైన పెట్టిన నంబరు కార్డు దాకా చేరాలి

కేబుల్ ఒకటే, స్విచ్ ఒకటే. అయినా ఆఫీసులో అకౌంట్స్ కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, విజిటర్ల వైఫై ఒకదాని కంట ఒకటి పడకుండా ఉంచవచ్చు. అందుకు వాడేదే వీలాన్. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ప్రకారం ఈథర్నెట్ ఫ్రేములో 4 బైట్ల ట్యాగు చేరుస్తారు. అందులో 12 బిట్లు వీలాన్ నంబరుకు కేటాయించారు. 12 బిట్లకు 4096 సంఖ్యలు వస్తాయి. 0, 4095 పక్కన పెడితే మనకు మిగిలేవి 4094.

అసలు చిక్కు సర్వర్ లోపల ఉంది. లినక్స్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులను జతచేసి బాండ్0 అనే డివైస్ తయారు చేయవచ్చు. దాని మీద బాండ్0.10 అనే వీలాన్ డివైస్, ఆ పైన బ్రిడ్జి, బ్రిడ్జికి వర్చువల్ మెషీన్లు. అడ్మిన్ 10 అనే నంబరు ఇచ్చింది పై పొరలో. ఫ్రేములు వచ్చి పడేది అట్టడుగున ఉన్న కార్డు మీద. చాలా కార్డుల్లో హార్డ్‌వేర్ ఫిల్టర్ ఉంటుంది. తన జాబితాలో లేని నంబరుతో వచ్చిన ఫ్రేమును అది అక్కడే పారేస్తుంది.

అందుకే బాండ్0.10 పుట్టగానే కెర్నెల్ ఆ 10ని బాండ్‌కు చెబుతుంది, బాండ్ తన కింది కార్డులన్నిటికీ చెబుతుంది. తర్వాత ఎప్పుడో మూడో కార్డు చేరినా, అప్పటికున్న నంబర్లన్నీ దానికీ అప్పజెప్పాలి. లేకపోతే లింకు లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆ కార్డుకు వచ్చిన వీలాన్ 10 ట్రాఫిక్ మాత్రం గల్లంతవుతుంది.

నంబరు తీసేయడం ఇంకా సున్నితం. ఒకే కార్డును పంచుకునే వర్చువల్ డివైసులు, అంటే మాక్‌వీలాన్‌లు, రెండు ఉన్నాయి, రెంటి మీదా వీలాన్ 10 ఉన్నాయనుకుందాం. ఒకదాన్ని తొలగించగానే కార్డు జాబితాలోంచి 10ని కొట్టేస్తే రెండోదాని నోట్లో మట్టే. ఒక ఫ్లాటువాళ్లు పేపరు మానేశారని వాచ్‌మన్ పేపరబ్బాయిని గేటు దగ్గరే ఆపేస్తే మిగతా ఫ్లాట్లు ఊరుకుంటాయా? అందుకని కెర్నెల్ ప్రతి నంబరుకూ ఎంతమంది అడిగారో లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క సున్నా అయ్యాకే నంబరును తీసేస్తుంది. ట్యాగు మీద ట్యాగు వేసే 802.1ఏడీలో బయటి ట్యాగు రకం వేరు కాబట్టి, ఆ 10కి ఖాతా కూడా వేరే.

సర్వర్ బూట్ లాగ్‌లో కొన్నిసార్లు ‘ఈథ్0 హార్డ్‌వేర్ ఫిల్టర్‌కు వీలాన్ 0ని చేరుస్తున్నాం’ అనే అర్థం వచ్చే వాక్యం కనిపిస్తుంది. ఎవరూ అడగని ఈ 0 ఎందుకు? కొన్ని ఫ్రేములు వీలాన్ నంబరు లేకుండా ప్రాధాన్యం మాత్రమే మోసుకొస్తాయి. వాటి ట్యాగులో నంబరు 0. అవి గేటు దాటాలంటే అదీ జాబితాలో ఉండాలి.

ఈ లెక్క ఎక్కడ తప్పినా పట్టుకోవడం కష్టం. ట్రాఫిక్ ఏమైందో చూద్దామని ఫ్రేములను పట్టి చూపే టీసీపీడంప్ నడిపితే కార్డు, వచ్చిన ప్రతి ఫ్రేమునూ తీసుకునే ప్రామిస్కస్ మోడ్‌లోకి వెళుతుంది. చాలా డ్రైవర్లు అప్పుడు వీలాన్ ఫిల్టర్‌ను ఆపేస్తాయి, దాంతో పోయిన ట్రాఫిక్ ప్రత్యక్షం! పరీక్ష ఆపగానే మళ్లీ మాయం. ఈ తీరు కనిపిస్తే కేబులునూ స్విచ్‌నూ అనుమానించే ముందు, ఆ నంబరు కార్డు ఫిల్టర్ దాకా చేరిందో లేదో చూడాలి.