కాలేయంలో నీటి తిత్తి : కుక్కల ద్వారా సంక్రమించే బద్దెపురుగు వ్యాధి

"మేము గుడ్డు సైతం ముట్టని వాళ్లమండీ! మాకీ జబ్బు ఎట్లా వచ్చింది?"

నన్ను ఈ ప్రశ్న అడిగిన గృహిణి వయస్సు నలభై లోపే. రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో కాపురం. కుడి డొక్కలో బరువుగా ఉన్నదని, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్లవుతున్నదని ఆమె నా వద్దకు వచ్చినప్పుడు, అజీర్ణమేనని భావించి రెండు నెలలపాటు దీపన, పాచన ఔషధాలు ఇచ్చాను. ఆకలి కొంత పెరిగింది గాని బరువు తగ్గలేదు. ఆ రెండు నెలల కాలాన్ని వృథా చేసినది నేనే. తరువాత అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించగా కాలేయంలో బత్తాయి పండంత తిత్తి, దానిలో మరికొన్ని చిన్న తిత్తులు కనిపించాయి. వైద్యులు దీనిని హైడాటిడ్ తిత్తి అంటారు.

దీనికి కారణం ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు. బద్దెపురుగు అనగానే మూరల కొద్దీ పొడవు ఊహించుకుంటాము. ఇది మాత్రం 7 మిల్లీమీటర్లకు మించదు. కుక్క చిన్నప్రేవులలో వేల సంఖ్యలో అంటిపెట్టుకొని ఉన్నా, ఆ కుక్క చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. పురుగు గుడ్లు కుక్క మలంతో బయటపడి, చల్లని తేమ నేలలో నెలల తరబడి బ్రతికి ఉంటాయి. గొర్రెలు, మేకలు వాటిని గడ్డితోపాటు మింగుతాయి. గుడ్డులోని పిల్లపురుగు ప్రేవు గోడను తొలుచుకొని, రక్తంతోపాటు కాలేయానికో ఊపిరితిత్తులకో చేరి, అక్కడ నీటితో నిండిన తిత్తిగా పెరుగుతుంది. గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కార్జం పనికిరాదని కుక్కలకు విసురుతారు. దానిని తిన్న కుక్క ప్రేవులలో మళ్లీ పురుగులు పెరిగి, సుమారు ఆరేడు వారాలలో గుడ్లు పెట్టడం మొదలవుతుంది.

మనిషి పొరపాటున గొర్రె స్థానంలోకి వచ్చి పడతాడు. తిత్తి ఉన్న మాంసం తిన్నందువల్ల మనకు ఈ వ్యాధి రాదు; కుక్క మలంలోని గుడ్డు మన నోట్లోకి వెళ్లినప్పుడే వస్తుంది. అందుచేత శాకాహారి, మాంసాహారి అన్న భేదం దీనికి లేదు. ఆ గృహిణి ఇంట్లో ఒక కుక్క ఉన్నది. ఇంట్లో దానికి పాలన్నమే పెడతారు. కాని సాయంత్రం గొలుసు విప్పితే సంత వీధిలోని మాంసం దుకాణాల దాకా తిరిగి వస్తుంది. వచ్చి పెరట్లో కొత్తిమీర మడిలో పడుకుంటుంది. ఆ కొత్తిమీరను ఒక్కసారి నీళ్లలో జాడించి పచ్చిగానే పచ్చడి మీద చల్లుకుంటారు. ఇంతకంటే నేను చెప్పవలసినది లేకపోయింది.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటి స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానంలోను ఉన్నాయి. కనుక ఇది ఎక్కడో దూరదేశపు జబ్బు అనుకోవడానికి వీలులేదు.

తిత్తి మెల్లగా పెరుగుతుంది. బాల్యంలో మింగిన గుడ్డు ముప్పయ్యవ ఏట బయటపడవచ్చు. సుమారు మూడింట రెండు వంతుల మందిలో కాలేయంలోను, తరువాత ఊపిరితిత్తులలోను ఉంటుంది. ఊపిరితిత్తులలో ఐతే దగ్గు, ఛాతీనొప్పి వస్తాయి. తిత్తి పగిలితే దానిలోని నీరు శరీరానికి విషతుల్యమై, దద్దుర్లు, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం, ఒక్కొక్కసారి ప్రాణాపాయం కలుగుతాయి. కడుపులో చిందినచోటల్లా కొత్త తిత్తులు మొలుస్తాయి. కడుపులో గడ్డ తగిలితే తైలం రాయించి పిసికించుకునే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. ఏమి గడ్డయో తేలేవరకు దయచేసి ఆ పని చేయించవద్దు.

ఇక చికిత్స. చరకుడు విమానస్థానంలో ఇరవై రకాల క్రిములను చెప్పి, వాటికి అపకర్షణం, ప్రకృతి విఘాతం, నిదాన పరివర్జనం అని మూడు ఉపాయాలు చెప్పాడు. క్రిమిఘ్న ద్రవ్యాలలో వాయువిడంగాలే శ్రేష్ఠమన్నాడు. అవి ప్రేవులలోని పురుగులకు ఉద్దేశించినవి. కాలేయంలో గోడకట్టుకొని ఉన్న తిత్తిని విడంగ చూర్ణం గాని, వేపరసం గాని కరిగిస్తుందని నేను చెప్పలేను, చెప్పేవారిని నమ్మవద్దు. తిత్తి పరిమాణాన్ని, దశను బట్టి ఆల్బెండజోల్ మాత్రలు, సూదితో నీరు తీసివేసే పద్ధతి, లేదా శస్త్రచికిత్స వైద్యులు నిర్ణయిస్తారు. మన చేతిలో ఉన్నది మూడవ ఉపాయం, నిదాన పరివర్జనం.

అది ఎంత పని చేస్తుందో ఐస్లాండ్ చూపింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ దేశమంతటా గొర్రెలు, కుక్కలు, ఈ తిత్తులు. 1860లలో హరాల్డ్ క్రాబే అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్లి కుక్కలను పరీక్షించి, తిత్తులున్న కార్జాన్ని కుక్కలకు వేయవద్దని ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. అది ఇంటింటికీ ఉచితంగా చేరింది. కుక్కలపై చట్టాలు తరువాత వచ్చాయి. మందులు లేని ఆ రోజులలోనే వ్యాధి తగ్గుముఖం పట్టి, క్రమంగా ఆ దేశం నుండి తొలగిపోయింది.

మన ఇంటి విషయానికి వస్తే, కుక్కకు పురుగుల మందు వేయిస్తున్నామని చాలామంది అంటారు. అది ఏ పురుగుకో అడగరు. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి. బయట తిరిగే కుక్కకు ఆరు వారాలకొకసారి ఇవ్వవలసి రావచ్చు. పశువైద్యుని అడిగి మోతాదు తెలుసుకోండి. వెల్లుల్లి తినిపిస్తే పురుగులు పోతాయని మనవారు అంటుంటారు. వెల్లుల్లి, ఉల్లి కుక్కకు హాని చేస్తాయి. దాని మలాన్ని ఎత్తి లోతుగా పాతిపెట్టండి. కుక్కను నిమిరిన పిల్లలు సబ్బుతో చేతులు కడిగాకే తినాలి, ఎందుకంటే దాని బొచ్చుకు కూడా గుడ్లు అంటి ఉండవచ్చు. కొత్తిమీర, పుదీన, ముల్లంగి, దోసకాయ వంటి పచ్చిగా తినేవాటిని పారే నీటిలో ఆకు ఆకు విడదీసి కడగండి. ఉప్పునీరు ఈ గుడ్లను చంపదు; ఉడికించడం చంపుతుంది. పెరటి మడికి చుట్టూ కంచె వేయడం అన్నిటికంటే చౌక.

ఆ గృహిణికి శస్త్రచికిత్స జరిగింది. ముందు, తరువాత కూడా ఆల్బెండజోల్ వాడారు. తిత్తి మళ్లీ రాలేదని తెలియడానికి కొన్నేళ్లపాటు స్కానింగు చేయించుకుంటూ ఉండవలసినదే. ఆమె భర్తకు, ఇద్దరు పిల్లలకు కూడా పరీక్ష చేయించాము. చిన్నపిల్ల కాలేయంలో గోలీకాయంత తిత్తి కనిపించింది. మాత్రలు మొదలుపెట్టారు.