వర్చువల్ రియాలిటీ నాటకరంగం: బధిర సంస్కృతి - సంజ్ఞాభాష

వ్యాససంగ్రహం: బధిరుల జీవితాన్ని వర్చువల్ రియాలిటీ నాటకంగా మలచడమంటే శబ్దాన్ని తొలగించడం కాదు, ఒక దృశ్యభాషను రంగస్థలానికి తేవడమని ఈ వ్యాసం వివరిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల జనజీవనం నుంచి ఇందుకు తగిన దృశ్యాలను సూచిస్తుంది.

కీలకపదాలు: బధిర సంస్కృతి, సంజ్ఞాభాష, అభినయం, వర్చువల్ రియాలిటీ.

1. ప్రవేశిక:
బధిరత్వాన్ని లోపంగా చూసేది వైద్యదృష్టి. బధిరులను ఒక భాషాసమాజంగా చూసేది సాంస్కృతిక దృష్టి. 1880లో మిలాన్ మహాసభ బధిర విద్యలో సంజ్ఞల కంటే మౌఖిక బోధనే మేలని తీర్మానించింది. 1960లో విలియం స్టోకో అమెరికన్ సంజ్ఞాభాషకు స్వీయ నిర్మాణం ఉందని నిరూపించాడు. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం విద్యలో సంజ్ఞాభాష వినియోగాన్ని ప్రోత్సహించాలని నిర్దేశించింది.

2. ముద్ర - సంజ్ఞ:
దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామి 1917లో ఆంగ్లీకరించిన 'అభినయదర్పణం' హస్తాభినయాన్ని విపులంగా చెబుతుంది. అయితే సంజ్ఞాభాష అభినయం కాదు. నృత్యంలో ముద్ర పాటలోని మాటకు తోడుగా నిలుస్తుంది. సంజ్ఞాభాషలో సంజ్ఞే మాట. 'నువ్వు ఎక్కడికి వెళుతున్నావు?' అనే ప్రశ్నలో తెలుగు ప్రశ్నపదాన్ని క్రియకు ముందు ఉంచితే, భారతీయ సంజ్ఞాభాష దానిని వాక్యాంతంలో ఉంచుతుంది. కనుబొమల కదలిక, ముఖకవళిక కూడా వ్యాకరణంలో భాగాలే.

3. చూపే వినికిడి:
వర్చువల్ రియాలిటీలో దృశ్యం ప్రేక్షకుని చుట్టూ 360 డిగ్రీలు పరచుకుంటుంది. సాధారణంగా వెనుక నుంచి వచ్చే శబ్దం అతణ్ణి అటు తిప్పుతుంది. బధిర ప్రేక్షకునికి ఆ సూచన అందదు. అతడు ముఖం తిప్పిన క్షణంలో సంభాషణ కూడా తెగిపోతుంది. కాబట్టి వెలుగు, కదలిక, ప్రకంపనలే సూచనలు కావాలి. ప్రేక్షకుడే పాత్రగా మారి సంజ్ఞలతో బదులిచ్చినప్పుడు హెడ్‌సెట్ అతని కనుబొమలను కప్పేస్తుంది. ఒక చేయి మరొకదానికి అడ్డొస్తే కెమెరా వేళ్ళ అమరికను సరిగా గుర్తించలేదు. అంటే యంత్రం భాషలో కొంత భాగాన్ని తుడిచేస్తుంది.

4. స్థానిక అన్వయం:
మిర్యాలగూడ రైస్‌మిల్లు హోరులో వినగలిగినవారు అరిచినా మాట అందదు. సంజ్ఞాభాషీయులు దూరం నుంచే ముచ్చటించుకోగలరు. కోదాడ బస్టాండులో మైకు ప్రకటన మాత్రమే ఉంటే బధిర ప్రయాణికునికి బస్సు తప్పుతుంది. సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి లింగమంతుల జాతరలో వాద్యఘోష దేహానికి ప్రకంపనగా అందుతుంది. మొదటి దృశ్యంలో భాషాశక్తి, రెండవదానిలో సమాజం కల్పించిన అడ్డంకి, మూడవదానిలో ఉమ్మడి అనుభవం వ్యక్తమవుతాయి.

5. ముగింపు:
• శబ్దాన్ని ఆపి చూపే నాటకం జాలిని మాత్రమే కలిగిస్తుంది. సంజ్ఞాభాషలో నడిచే నాటకం, ఆ భాష తెలియని ప్రేక్షకుడే అక్కడ పరాయివాడని తెలియజేస్తుంది.
• రచన, నటన, దర్శకత్వాలలో బధిరులే ముందుండాలి. లేనిపక్షంలో కొత్త సాంకేతికత సైతం మిలాన్ తీర్మానాన్నే మరో రూపంలో కొనసాగిస్తుంది.