మెదక్ చర్చి ఫొటో అందరి ఫోన్‌లోనూ ఒకేలా ఎందుకొస్తోంది? ఈ 3 ప్రయోగాలు చేసి చూడండి

ఇన్‌స్టాలో మెదక్ కేథడ్రల్ అని వెతకండి. నీలి ఆకాశం, నడుమ ఎత్తైన గోపురం, కింద మెట్లు. ఫోన్లు వేరైనా ఫొటో దాదాపు ఒక్కటే. ఎందుకంటే షటర్ నొక్కగానే ఫోన్ వరుసగా కొన్ని ఫ్రేమ్‌లు తీసి, కలిపి, నీడల్ని పైకి లేపి, రంగులు పెంచి మన చేతిలో పెడుతుంది. ఏది వెలగాలి, ఏది చీకట్లో ఉండాలి అన్నది సాఫ్ట్‌వేరే తేల్చేస్తుంది. ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడమే ఫైన్ ఆర్ట్ ఫొటోగ్రఫీకి తొలి మెట్టు. దీనికి లక్ష రూపాయల ఫోన్ అక్కర్లేదు, ప్రో మోడ్ ఉంటే చాలు.

1. చీకటిని చీకటిగానే వదిలేయండి

1914లో పనులు మొదలైన ఈ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. కరువు కాలంలో పనికి తిండి పెడుతూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించారు. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణ ఘట్టాలున్న రంగుటద్దాలు దీని ప్రత్యేకత. బయట ఎండ ఉంటేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి.

ఆటో మోడ్‌లో హెచ్‌డీఆర్ చుట్టూ ఉన్న గోడల్ని కూడా వెలిగించేస్తుంది. దాంతో అద్దాల మీదికి చూపు పోదు. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ కనిష్ఠానికి దించండి. అద్దంలో రంగులు తేటగా కనిపించేదాకా షటర్ వేగం పెంచుతూ పోండి. గోడలు నల్లగా మారిపోతాయి, మారనివ్వండి. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లు చూస్తే నలుపు ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది.

లోపల ఫొటోలు తీయొచ్చా అని ముందే అడగండి. ఫ్లాష్ మాత్రం వద్దు.

2. ఫోన్‌ని కావాలనే కదిలించండి

షటర్ 1/4 సెకనుకు పెట్టి, స్తంభాల వెంట ఫోన్‌ని కింది నుంచి పైకి ఒకే ఊపులో కదపండి. రాయి కాస్తా కుంచె గీతలా సాగుతుంది. ఓఐఎస్ చిన్న కదలికల్ని సరిచేసేస్తుంది కాబట్టి ఊపు కాస్త పెద్దగానే ఉండాలి. పది తీస్తే ఒకటి నిలుస్తుంది.

పట్టపగలు బయట ఇది కుదరదు. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు కాబట్టి ఫొటో తెల్లగా పేలిపోతుంది. సాయంత్రం దాకా ఆగండి, లేదా క్లిప్ ఎన్‌డీ ఫిల్టర్ వాడండి.

క్రిస్మస్ రద్దీలో దీన్ని తిరగేయండి. ఫోన్‌ని కదలకుండా ఆనించి పెట్టి, ఐఫోన్‌లో అయితే లైవ్ ఫొటో తీసి లాంగ్ ఎక్స్‌పోజర్ ఎంచుకోండి. గోపురం నిలకడగా, జనం ఏరులా వస్తారు. ఎవరి ముఖమూ గుర్తుపట్టేలా ఉండదు, అదీ మంచిదే.

3. కోటనీ చర్చినీ కలిపేయండి

ఊళ్లోనే గుట్ట మీద కాకతీయుల నాటి కోట ఉంది. సింహ ద్వారం, గజ ద్వారం దగ్గర రాతి గోడల్ని దగ్గరగా తీయండి. తర్వాత వెలుతురుకి ఎదురుగా నిలబడి, చర్చి గోపురం నల్లటి నీడలా వచ్చేలా ఇంకో ఫొటో తీయండి. స్నాప్‌సీడ్‌లో డబుల్ ఎక్స్‌పోజర్ టూల్ తెరిచి, లైటెన్ ఎంచుకోండి. గోపురం నల్లగా ఉన్న చోటల్లా కోట రాయి పరుచుకుంటుంది. వందల ఏళ్ల ఎడం ఉన్న రెండు కట్టడాలు ఒకే ఫ్రేమ్‌లోకి వస్తాయి.

మరి ఏఐతో చేస్తే?

ఆకాశం మార్చడం, మనుషుల్ని చెరిపేయడం ఇప్పుడు ఒక్క ట్యాప్ పని. కానీ ఆ కొత్త ఆకాశం మెదక్‌ది కాదు. పై మూడింటిలో మాత్రం ప్రతి పిక్సెల్ మీ ముందున్న వెలుగు నుంచే వచ్చింది. ఎలా రావాలో మీరే తేల్చారు.

అందుకే కొత్త ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ కంటే ముందు రెండు చూడండి. మాన్యువల్ షటర్ ఉందా? రా ఫైల్ అన్ని లెన్సులకూ వస్తుందా, మెయిన్ కెమెరాకేనా? ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో మాన్యువల్ షటర్ లేదు, వేరే యాప్ వేసుకోవాలి. ఇవి ఉంటే మూడేళ్ల నాటి మిడ్‌రేంజ్ ఫోన్‌తో కూడా మెదక్‌ని ఇంకెవరూ తీయనట్టు తీయొచ్చు.