కొండపొలం (నవల)

కొండపొలం కడప జిల్లాకు చెందిన రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రచించిన తెలుగు నవల. కరవుకాలంలో తమ గొర్రెలను బ్రతికించుకొనడానికి నల్లమల అడవికి తరలివెళ్ళిన కాపరుల జీవితం ఇందులోని ఇతివృత్తం. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నిర్వహించిన నవలల పోటీలో 2019లో ఈ నవలకు 2 లక్షల రూపాయల బహుమతి లభించింది. 2021లో ఇదే పేరుతో చలనచిత్రంగా వెలువడింది.

పేరు

కరవు వచ్చి ఊరి పొలాల్లో మేత, చెరువుల్లో నీరు లేకుండా పోయినపుడు, మందలను కొండకు తోలుకొనిపోయి వానలు పడేదాకా అక్కడే మేపుకొనడాన్ని "కొండపొలం పోవడం" అంటారు. ఊరి పొలం ఎండిపోయినపుడు కొండే పొలమవుతుందన్న భావం ఈ పేరులో ఇమిడి ఉన్నది.

రచయిత

వెంకటరామిరెడ్డి స్వగ్రామం బాలరాజుపల్లె. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాడి, తోలుబొమ్మలాట, పాలెగత్తె, పాండవబీడు, ఒంటరి ఈయన ఇతర నవలలలో కొన్ని. కథలు, కవితలు కూడా వ్రాశారు. సేద్యం, పశువులు, పల్లె మనుషుల మధ్య బంధాలు ఈయన రచనలలో తరచుగా కనిపించే విషయాలు. కడప జిల్లా పల్లె జీవితాన్ని సాహిత్యంలోకి తెచ్చినవారిలో ఈయనకు ముందుతరం వారు కేతు విశ్వనాథరెడ్డి (1939-2023). యర్రగుంట్ల ప్రాంతంలోని రంగశాయిపురంలో జన్మించిన ఆయనకు 1996లో కథాసంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన కథల్లో కనిపించే కరవు నేలనే వెంకటరామిరెడ్డి కాపరుల వైపునుండి చూపారు.

నేపథ్యం

కడప జిల్లాలో కాలువల క్రింద సాగయ్యే భూమి పోగా మిగిలినది వానలపైన, బోరుబావులపైన ఆధారపడినది. వరుసగా రెండు మూడేళ్ళు వానలు తప్పితే బోర్లు ఎండిపోతాయి. సేద్యగాడు ఆ ఏటి పంట నష్టపోతాడు. కాపరి కష్టం మరొక విధమైనది. మంద అతనికి పెట్టుబడి, రాబడి కూడా. మేతలేక బక్కచిక్కిన గొర్రెకు సంతలో ధర పలకదు. అమ్మివేస్తే మళ్ళీ మందను కూడబెట్టుకొనడానికి ఏళ్ళు పడుతుంది. అందువల్ల కొండకు పోవడం తప్ప అతనికి వేరు దారి ఉండదు.

తూర్పు కనుమలలో భాగమైన నల్లమల పులులకు నిలయం. ఇక్కడి నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చింది. విస్తీర్ణంలో ఇది దేశంలోని పులుల అభయారణ్యాలలో మొదటిది. మేతకోసం మంద నడిచే దారి, వేటకోసం పులి తిరిగే దారి ఇక్కడ కలుస్తాయి.

ఇతివృత్తం

రవీంద్ర కాపరుల కుటుంబంలో పుట్టి ఇంజనీరింగు చదివిన యువకుడు. నగరంలో ఉద్యోగం దొరకక, తనపై తనకే నమ్మకం సన్నగిల్లి ఇల్లు చేరుతాడు. అప్పటికి ఊరిలో కరవు. తండ్రితోను, ఇతర కాపరులతోను కలిసి అతడు కూడా మంద వెంట అడవికి వెళ్తాడు. నీటిజాడ వెదకడం, మందను చెదరకుండా కాయడం, పులి భయంతో రాత్రులు గడపడం అతనికి కొత్త. మొదట పిరికివాడిగా ఉన్న రవీంద్ర క్రమంగా అడవిని, దానిలోని ప్రాణులను, తన తండ్రిని కూడా అర్థం చేసుకుంటాడు. పోగొట్టుకున్న ఆత్మవిశ్వాసాన్ని అక్కడే తిరిగి పొందుతాడు.

నవలలో మానవ సంబంధాలు

మనుషుల మధ్య సహాయం ఈ నవలలో నీతిబోధగా కాక బ్రతుకు అవసరంగా కనిపిస్తుంది. అడవిలో ఒంటరి కాపరి తన మందను కాపాడుకోలేడు. పగలంతా గొర్రెల వెంట నడిచినవాడు రాత్రంతా మేలుకొని ఉండలేడు. కనుక నలుగురూ వంతులవారీగా కావలి కాయవలసి ఉంటుంది. ఒకని మంద చెదిరితే అందరూ వెదకవలసిందే. ఊరిలో ఎవరి బ్రతుకు వారిదిగా ఉన్నవారు కూడా అడవిలో ఒకరిపై ఒకరు ఆధారపడతారు.

రాయలసీమలో గొర్రెలను, మేకలను "జీవాలు" అంటారు. ఈ మాటలోనే కాపరుల దృష్టి తెలుస్తుంది. అవి అమ్ముకొనే సరకే అయినా ముందుగా ప్రాణమున్నవి. నడవలేని గొర్రెపిల్లను భుజాన వేసుకొని నడిచే కాపరి దానిని ఒకనాడు అమ్మక తప్పదని ఎరిగినవాడే. ఈ వైరుధ్యం కాపరి బ్రతుకులోనే ఉన్నది. పులి విషయం కూడా ఇటువంటిదే. అది మందకు శత్రువు. అయితే అడవికి రక్ష కూడా.

చదువుకు, అనుభవానికి మధ్య ఉన్న దూరం నవలలోని మరొక అంశం. బడికి పోని పెద్దలకు చెట్ల పేర్లు, గాలివాటం, జంతువుల అడుగుజాడలు తెలుసు. పట్టా ఉన్న కుమారునికి అవి తెలియవు. నవల చదువును తక్కువ చేయదు. పెద్దల తెలివి తోడైనపుడే ఆ చదువుకు ధైర్యం వస్తుందని చూపుతుంది. గొర్రెల పెంపకాన్ని వదలి పిల్లలు పట్టణాలకు పోతున్న కాలంలో ఈ అనుభవజ్ఞానం తరువాతి తరానికి అందకుండా పోయే ప్రమాదం ఉన్నది. అందువల్ల ఈ నవలకు సాహిత్యవిలువతోపాటు ఒక జీవనవిధానాన్ని నమోదు చేసిన విలువ కూడా ఉన్నది.

చలనచిత్రం

ఈ నవల ఆధారంగా క్రిష్ జాగర్లమూడి దర్శకత్వంలో నిర్మించిన చిత్రం 2021 అక్టోబరు 8న విడుదలైనది. వైష్ణవ్ తేజ్, రకుల్ ప్రీత్ సింగ్ ముఖ్యపాత్రలు ధరించారు. ఎం.ఎం.కీరవాణి సంగీతం సమకూర్చారు. చిత్రంలో కథానాయకుడు భారత అటవీ సేవ అధికారిగా ఎంపికవుతాడు.