అచ్చు వేస్తే సరిపోదు... పెడన కలంకారీ: కరక్కాయ నీళ్ల నుంచి మేళా స్టాల్ దాకా అసలు లెక్క

మేళాలో రెండు స్టాళ్లు పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మీదా ‘కలంకారీ’ అనే బోర్డే ఉంటుంది. ఒకదాంట్లో దుపట్టా 350 రూపాయలు, రెండోదాంట్లో 900. చూడటానికి పువ్వు ఒకటే, తీగ ఒకటే, ఎరుపు కూడా దాదాపు ఒకటే. కొనేవాళ్లు సహజంగానే 350 దగ్గర ఆగుతారు. 900 చెప్పినవాళ్లు ఎక్కువ లాగుతున్నారని అనుకుంటారు. కానీ లెక్క వేసి చూస్తే చాలాసార్లు ఆ 900 చెప్పినవాళ్లకే ఏమీ మిగలడం లేదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ గుడ్డ ఎలా తయారవుతుందో తెలియాలి.

కృష్ణా జిల్లాలో మచిలీపట్నానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది పెడన. మచిలీపట్నం కలంకారీ అని ప్రపంచమంతా పిలిచే పని ఇప్పుడు ఎక్కువగా జరిగేది అక్కడే. కలం అంటే పెన్ను, కారీ అంటే పని. రెండూ ఫార్సీ మాటలే. తమాషా ఏమిటంటే పెడనలో కలం పెద్దగా కనిపించదు. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. పెడనది చెక్క అచ్చుల పని. కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కోఠీలు పెట్టుకున్నది ఈ గుడ్డల కోసమే. ఇక్కడి సరుకు ఇరాన్‌కు బాగా వెళ్లేది. అక్కడి గిరాకీని బట్టి సరూ చెట్టు, దానిమ్మ, మెహ్రాబ్ కమాను ఈ అచ్చుల్లోకి వచ్చాయి. మెహ్రాబ్ ఉన్న గుడ్డలను జానమాజ్‌లుగా కూడా వాడేవారు. ఈ అద్దకం గుడ్డల ధాటికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్స్, ఆ తర్వాత ఇంగ్లండ్ వీటిని నిషేధించాయి కూడా. అంత గిరాకీ ఉన్న సరుకు ఇది.

పనికి మొదలు అచ్చు. బాగా ఆరిన టేకు చెక్కను నున్నగా చేసి, దాని మీదికి డిజైన్ దించి, చిన్న ఉలులతో చెక్కుతారు. ఒక డిజైన్‌కి ఒక అచ్చు సరిపోదు, రంగుకో అచ్చు కావాలి. నల్ల గీతకి ఒకటి, ఎరుపు నిండే చోటికి ఒకటి, అంచుకి ఇంకొకటి. నాలుగు రంగులంటే కనీసం నాలుగు అచ్చులు, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. పెద్ద అచ్చుల్లో గాలి పోవడానికి సన్నని రంధ్రాలు పెడతారు, లేకపోతే రంగు మధ్యలో బుడగ కడుతుంది. కొత్త అచ్చును కొన్ని రోజులు నూనెలో నానబెడతారు. అలా చేస్తే తడికి ఉబ్బదు, పగలదు.

ఇక గుడ్డ. మిల్లు నుంచి వచ్చిన తెల్ల నూలు గుడ్డకి గంజి ఉంటుంది, అది పోయేదాకా నానబెట్టి ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో ముంచి ఎండబెడతారు. ఈ మెట్టు వింటే చాలామంది నవ్వుతారు, గుడ్డకి పాలేంటని. కారణం ఉంది. కరక్కాయలో ఉండే వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలో కొవ్వు రంగు పక్కకి పాకకుండా ఆపుతుంది. పాలు తగ్గిస్తే గీత చెదురుతుంది, అచ్చు ఎంత బాగా చెక్కినా లాభం లేదు.

నలుపు ఎక్కడి నుంచి వస్తుంది? తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీళ్లు చూడటానికి మామూలుగానే ఉంటాయి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడతాయి. ఇనుము, వగరు కలిసి చేసే పని అది. ఎరుపుది ఇంకో కథ. అచ్చుతో వేసేది ఎరుపు రంగు కాదు, పటిక నీళ్లు. జిగురు కలిపిన పటికకు రంగు ఉండదు కాబట్టి ఎక్కడ పడిందో కనపడటానికి కాస్త ఏదో రంగు కలుపుతారు. ఆ తర్వాత గుడ్డను పారే నీళ్లలో కడిగి, పెద్ద రాగి పాత్రలో ఎర్ర రంగుతో ఉడకబెడతారు. పాతకాలంలో ఇది చిరివేరు నుంచి వచ్చేది. మంజిష్ఠ కూడా వాడతారు. చాలాచోట్ల ఇప్పుడు అలిజరిన్ వచ్చింది. పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట కడిగితే పోతుంది. నీలానికి నీలిమందు, పసుపుకి దానిమ్మ తొక్క, కరక్కాయ పువ్వు లాంటివి మళ్లీ వేరే మెట్లు. ప్రతి మెట్టుకీ మధ్యలో ఉతకడం, ఎండబెట్టడం.

పారే నీళ్లు అని ఊరికే అనలేదు. నిలవ నీళ్లలో కడిగితే ఊడిన పటిక, ఇనుము తెల్ల జాగా మీదికి ఎక్కి మరకలు పడతాయి. కృష్ణా కాలవలు ఉన్నాయి కాబట్టే ఈ పని అక్కడ నిలబడింది. కాలవలో నీళ్లు వదలని రోజుల్లో, ముసురు పట్టిన రోజుల్లో పని ఆగిపోతుంది. ఆ రోజులకి కూలీ ఉండదు.

ఇప్పుడు 350 రూపాయల దుపట్టా. అది స్క్రీన్ మీదో మిషన్ మీదో కొట్టింది. రసాయన రంగు ఒక్కసారే పడుతుంది, కరక్కాయ లేదు, పాలు లేవు, ఉడకబెట్టడం లేదు. అమ్మడం తప్పేమీ కాదు, బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లకి అదే కావాలి. తప్పల్లా దాన్ని చేతి అచ్చు పని అని చెప్పి అమ్మడం. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. కానీ మేళాలో ఆ పేరు అడ్డగోలుగా వాడితే అడిగేవాళ్లు తక్కువ.

తేడా పట్టుకోవడం ఎలా? ‘లోపాలు ఉంటే చేతి పని’ అని అందరూ చెప్తారు. అది సగం నిజమే. ఈ రోజుల్లో డిజిటల్ ప్రింట్ వాళ్లు చేతి పనిని ఫోటో తీసి, లోపాలతో సహా కొడుతున్నారు. అసలు చూడాల్సింది ఆ లోపం మళ్లీ మళ్లీ అదే చోట వస్తోందా అని. ఒక ఆకు కొన దగ్గర రంగు బయటికి వచ్చిందనుకోండి, గుడ్డంతా ప్రతి ఆకు కొన దగ్గరా అచ్చం అలాగే వస్తే అది మిషన్ పని. చేత్తో వేస్తే ఒకచోట వత్తుగా, ఇంకోచోట పల్చగా, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఒకచోట దగ్గరగా, ఒకచోట కాస్త ఎడంగా పడుతుంది. వెనక వైపు తిప్పి చూడండి, ఉడికిన ఎరుపు గుడ్డ లోపలికి దిగి ఉంటుంది. పైపైన కొట్టిన రంగైతే వెనక తెల్లగా కనిపిస్తుంది. ఏ ఒక్క గుర్తూ పక్కా కాదు. రెండు మూడు కలిపి చూడాలి. అమ్మేవాళ్లని ‘ఎరుపు ఎలా వచ్చింది’ అని ఒక్క ప్రశ్న అడిగినా చాలా తెలుస్తుంది.

అసలు చిక్కు లెక్కల దగ్గర ఉంది. కింది అంకెలు అర్థం కావడానికి వేసిన ఉదాహరణ మాత్రమే, ఎవరి పద్దులోవీ కావు. రెండున్నర మీటర్ల దుపట్టాకి గుడ్డ 225 రూపాయలు, రంగు సామాను, కట్టెలు 60, అచ్చు కూలి 120, ఉడకబెట్టి ఉతకడానికి 45, ఇస్త్రీ, ప్యాకింగ్ 20. అచ్చుల సెట్టు 9,000 అయితే, 300 దుపట్టాల మీద పంచితే ఒక్కోదానికి 30. మొత్తం 500. మేళాలో 900కి అమ్మితే 400 మిగిలిందని చాలామంది అనుకునేది ఇక్కడే.

10 రోజుల మేళాకి స్టాల్ అద్దె 15,000, రవాణా 6,000, ఇద్దరికి బస, తిండి 12,000, సంచులు, చిల్లర ఖర్చులు 2,000 అనుకుందాం. 35,000. దాన్ని 400తో భాగిస్తే 88 దుపట్టాలు అమ్మేదాకా జేబులోకి రూపాయి రాదు. బేరంలో వంద తగ్గించారనుకోండి. మిగిలేది 300. ఇప్పుడు 117 అమ్మాలి. ‘వందేగా’ అన్న ఆ తగ్గింపు ఖరీదు ఇంకో 29 దుపట్టాలు. పైగా స్టాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడ్డ ఇద్దరి కూలి ఇందులో లేదు. రోజుకి మనిషికి 600 వేసినా 12,000. పూర్తి ధరకే అమ్మినా దానికోసం ఇంకో 30 అమ్మాలి. ఇంటివాళ్లే కదా అని ఈ కూలిని ఎవరూ రాయరు. లాభం వచ్చినట్టు కనిపించడానికి పెద్ద కారణం అదే.

200 పట్టుకెళ్లి 60 మాత్రమే అమ్ముడైతే? వచ్చిన మార్జిన్ 24,000, ఖర్చు 35,000. నష్టం 11,000. దానికి తోడు 140 దుపట్టాల రూపంలో 70,000 మూటల్లో ఇరుక్కుంది. వచ్చే నెల గుడ్డ కొనడానికి డబ్బు ఉండదు. అప్పు, వడ్డీ మొదలయ్యేది ఇలాంటి చోటే. వడ్డీ వద్దనుకునే కుటుంబానికి ఇది ఇంకా కష్టం. అందుకే కొందరు మేళా జోలికే పోరు. ఊళ్లోనే వ్యాపారికి 620కి ఇచ్చేస్తే 200 మీద 24,000 వస్తుంది. తక్కువే, పైగా డబ్బు నెలల తరబడి అరువు మీద ఉండొచ్చు. కానీ అదే 24,000 మేళాలో రావాలంటే పూర్తి ధరకి 148 అమ్మాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు సగం సరుకు వ్యాపారికి ఇచ్చి, సగంతో మేళాకి వెళ్లడం తెలివైన పని.

స్టాల్ అద్దె తగ్గితే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే ‘పెహచాన్’ కార్డు ఇక్కడే ఉపయోగం. ఆధార్‌తో ముడిపడిన కళాకారుల గుర్తింపు కార్డు ఇది. గాంధీ శిల్ప్ బజార్ లాంటి ప్రభుత్వ మేళాల్లో చోటు అడగాలంటే ఇది ఉండాలి. ఒక మాట గట్టిగా చెప్పాలి. కార్డు ఇంటికి ఒకటి కాదు, పని చేసే ప్రతి మనిషికీ ఒకటి. ఇంట్లో అచ్చు వేసేది, ఉతికేది భార్య, కార్డు మాత్రం భర్త పేరు మీద అన్నట్టు చాలా ఇళ్లలో నడుస్తోంది. ఆమె పనిని కాగితం మీద ఎవరూ చూడటం లేదన్నమాట. ఇక తన కార్డును వేరే వ్యాపారికి వాడుకోమని ఇచ్చేవాళ్లు, ఆ స్టాల్లో రేపు స్క్రీన్ ప్రింట్ మాల్ దిగితే ఎవరిని అంటారు?

జీఎస్టీ భయంతో పక్క రాష్ట్రం మేళాలకి వెళ్లని వాళ్లు ఉన్నారు. నోటిఫై చేసిన హస్తకళల సరుకు అమ్మేవాళ్లకి, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే, వేరే రాష్ట్రంలో అమ్మినా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. పాన్ కార్డు ఉండాలి, సరుకు తీసుకెళ్లేటప్పుడు ఈ-వే బిల్లు ఉండాలి. మీ సరుకు ఆ జాబితాలో ఏ పేరు కింద వస్తుందో బయలుదేరే ముందే అకౌంటెంట్‌తో ఒకసారి చూపించుకోండి.

ఎక్కడికి వెళ్లాలన్నది సరుకును బట్టి. ఢిల్లీ హాట్‌లో స్టాళ్లు పదిహేను రోజులకోసారి మారుతుంటాయి, కొనేవాళ్లకి చేతి పని విలువ తెలుసు. హర్యానాలోని సూరజ్‌కుండ్ మేళా ఫిబ్రవరిలో, అది 1987 నుంచి నడుస్తోంది. హైదరాబాద్‌లో శిల్పారామం ఉంది, 1938లో మొదలైన నుమాయిష్ ఉంది. నుమాయిష్‌లో జనం విపరీతం, బేరం కూడా విపరీతం. 900 దుపట్టా అక్కడ కదలడం కష్టం. చిన్న సంచులు, దస్తర్‌ఖాన్‌లు, దిండు గలీబులు లాంటి 200-300 రూపాయల సరుకు ఎక్కువ పెట్టుకోవాలి. కోసిన గుడ్డ ముక్కలు వాటికే పనికొస్తాయి.

ఇంకో సంగతి క్యాలెండర్ చూసుకుంటే కనిపిస్తుంది. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2029 నాటికి జనవరి మధ్యలో మొదలయ్యే అవకాశం ఉంది. అంటే నుమాయిష్, సూరజ్‌కుండ్, ఈద్ కొనుగోళ్లు అన్నీ ఒకే సీజన్‌లో పడబోతున్నాయి. ఆ సరుకు మొత్తం ఎండ ఉన్నప్పుడే, వానలకి ముందు కొంత, అక్టోబర్, నవంబర్ తుఫాన్లు తెరిపిచ్చిన రోజుల్లో కొంత తయారవ్వాలి. డిసెంబర్‌లో ఆర్డర్ ఇచ్చి జనవరిలో ఉడికిన ఎరుపు కావాలంటే రాదు. అప్పుడు దొరికేది స్క్రీన్ ప్రింటే.